గ్రూప్సా, గనులా, మిర్చి యార్డా: ఓరుగల్లు చుట్టుపక్కల ఏ దారి ఎవరికి సరిపోతుంది

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో హనుమకొండలో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న: "ఇప్పుడు దేనికి డిమాండ్ ఉంది?" మేనమామ ఒకటి చెబుతాడు, కోచింగ్ సెంటర్ కరపత్రం ఇంకొకటి చెబుతుంది, యూట్యూబ్ సంగతి సరేసరి. అడిగినవారి ఇంటి పరిస్థితి తెలియకుండా ఇచ్చే జవాబు ఏదైనా సగం జవాబే. కాబట్టి దారులను పక్కపక్కన పెట్టి చూసే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మీ జీతం రాకపోయినా ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? ఎంత దూరం వెళ్లగలరు: కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ దాకానా, దుబాయ్ దాకానా, లేక చీకటి పడేసరికి ఇంటికి చేరాల్సిందేనా? రోజూ ఎనిమిది గంటలు ఎలాంటి పనిలో ఉంటే మీకు విసుగు రాదు?

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. ఆసక్తిని సబ్జెక్టుతో కొలుస్తారు. బోటనీలో మంచి మార్కులు వచ్చాయి కాబట్టి నర్సింగ్ అంటారు. నర్సు రోజులో బోటనీ ఎక్కడా ఉండదు. రాత్రి డ్యూటీ, రోగి బంధువుల కోపం, రిజిస్టర్లు, సెలైన్ సీసాలు ఉంటాయి. లెక్కలంటే ఇష్టమని సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినవారు రోజంతా ఎవరో రాసిన కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చోవాల్సి రావచ్చు. సబ్జెక్టు మీద ఇష్టం పరీక్ష గట్టెక్కించడానికి పనికొస్తుంది. ఉద్యోగంలో నిలబెట్టేది ఆ పని తాలూకు రోజువారీ చాకిరీ మీకు సరిపడటం.

సర్కారు కొలువు: జీతం కన్నా ముందు కాలం లెక్క

ఉత్తర తెలంగాణలో డిగ్రీ పూర్తిచేసిన వారిలో ఎక్కువమంది మొదట చూసేది దీని వైపే. కాకతీయ విశ్వవిద్యాలయం ఆవరణలోనూ, జిల్లా గ్రంథాలయంలోనూ కరెంట్ అఫైర్స్ పుస్తకాలతో కూర్చున్నవారిని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఆ ఆకర్షణలో తప్పేమీ లేదు. 2020 వేతన సవరణ ప్రకారం జూనియర్ అసిస్టెంట్ మూలవేతనం 24,280 రూపాయల దగ్గర, ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ది 31,040 దగ్గర మొదలవుతుంది. ఇంటి అద్దె భత్యం, కరవు భత్యం అదనం. ఇదే చదువుతో మన ఊళ్లలో ప్రైవేటుగా ఇంత మొదటి జీతం దొరకడం అరుదు.

అసలు లెక్క కాలానిది. గ్రూప్-2 నోటిఫికేషన్ 783 పోస్టులతో 2022 డిసెంబరులో వచ్చింది; పరీక్ష పలుమార్లు వాయిదాపడి 2024 డిసెంబరులో జరిగింది; తుది ఫలితాలు 2025లో వెలువడ్డాయి. గ్రూప్-1 మరీ విడ్డూరం. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు తీర్పుతో అదీ పోయింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. గ్రూప్-4లో 8 వేల పైచిలుకు పోస్టులకు 9 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్కో పోస్టుకు వందమందికి పైగా పోటీ. బాగా చదివినవారికి రాదని నేను అనడం లేదు. ఎంత బాగా చదివినా తేదీ మాత్రం మీ చేతిలో ఉండదు.

2024లో గరిష్ఠ వయోపరిమితిని రెండేళ్ల పాటు 46 ఏళ్లకు పెంచడం ఆలస్యంగా మొదలుపెట్టినవారికి వరమే అయింది. ఇంకొకసారి, ఇంకొకసారి అంటూ ముప్పై అయిదు దాటించిందీ అదే. నా సలహా ఇది: ఇల్లు రెండేళ్లు మీ సంపాదన లేకుండా నడిచే స్థితిలో ఉంటేనే పూర్తికాలం చదవండి. లేదంటే ఏదో ఒక పనిలో చేరి, ఉదయం రెండు గంటలు, రాత్రి రెండు గంటలు చదవండి. గది అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు కలిపి రెండేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద వేసి ఇంట్లో చూపించండి. ఆ కాగితం చూసినప్పుడే అమ్మానాన్నలతో అసలు మాట మొదలవుతుంది.

స్థానికత సంగతి కోచింగ్‌లో చివర చెబుతారు గానీ ముందే తెలియాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో అక్కడి స్థానికులవుతారు. చిన్నప్పుడు హైదరాబాద్ హాస్టల్‌లో చదివిన వరంగల్ పిల్లలు ఇక్కడే చిక్కులో పడతారు. నియామకాల కోసం జిల్లాలను కలిపి చేసిన జోన్లలో హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో ఉంటే, పక్కనే ఉన్న ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లో ఉన్నాయి. కరీంనగర్ రాజన్న జోన్, జగిత్యాల బాసర జోన్. ఖాళీలు చూసేటప్పుడు రాష్ట్రం మొత్తం అంకె చూసి మురిసిపోకుండా మీ జిల్లా, మీ జోన్, మీ రిజర్వేషన్ వరుసలో ఎన్ని ఉన్నాయో చూడండి. బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. పాత ప్రైవేటు బడి మూతపడ్డాక వాటి కోసం తిరగడం ఒక ఉద్యోగమంత పని.

బడిపంతులు కావాలంటే డీఈడీనా, బీఈడీనా

పిల్లలకు చెప్పడం నిజంగా ఇష్టమైతే ఇది విడిగా ఆలోచించాల్సిన దారి. 2017లో 8,792 పోస్టులతో టీచర్ల నియామక పరీక్ష టీఆర్‌టీ వచ్చాక, మళ్లీ నియామకాలు పూర్తయింది 2024 డీఎస్సీతోనే. అందులో 11,062 పోస్టులుంటే 6,508 సెకండరీ గ్రేడ్ టీచర్లవి, 2,629 స్కూల్ అసిస్టెంట్లవి. ప్రాథమిక తరగతులు బోధించడానికి బీఈడీ పనికిరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పెద్ద ద్వారం డీఈడీ చేసినవారికే తెరుచుకుంటుంది. ఇంటర్ తర్వాత రెండేళ్ల కోర్సు. అయినా మన దగ్గర డిగ్రీ, ఆపై బీఈడీ అన్నదే పెద్ద చదువుగా చలామణి అవుతోంది.

ఏడేళ్ల విరామాన్ని మాత్రం మరవకండి. ఆ మధ్యకాలంలో ప్రైవేటు బడి జీతంతో బతకాలి, లేదా ట్యూషన్లు చెప్పుకోవాలి. ఆ ఏడేళ్లను ఊహించుకున్నా చదువు చెప్పడం మీద ఇష్టం చావకపోతే ఈ దారి మీదే.

గనులు, విద్యుత్ కేంద్రాలు, రైల్వే: చేతిపని తెలిసినవారికి

గోదావరి పొడవునా చూస్తే రామగుండంలో ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి విద్యుత్ కేంద్రం, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో జెన్‌కో కేంద్రం. వీటి చుట్టూ మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని, భూపాలపల్లి గనులు. పిల్లలు ఇంజినీరింగ్ అనగానే కంప్యూటర్ సైన్స్ వైపు పరుగెత్తుతారు గానీ, ఇంటికి వంద కిలోమీటర్ల లోపు భారీ పరిశ్రమ ఉన్న ప్రాంతాలు రాష్ట్రంలో ఎన్నో లేవు.

సింగరేణిని మీ తాతల నాటి సింగరేణి అనుకోవద్దు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు దాదాపు 40 వేలు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. పర్మినెంట్ ఉద్యోగాల్లో చాలా భాగం కారుణ్య నియామకాలుగా కార్మికుల వారసులకు వెళుతుంది. బయటివారికి వచ్చే నోటిఫికేషన్లలో పోస్టులు తక్కువ. మైనింగ్ డిప్లొమా చేసి ఓవర్‌మన్ (గనిలో పనినీ భద్రతనూ పర్యవేక్షించేవారు) సర్టిఫికెట్ సంపాదించినవారి సంగతి వేరు. ఆ సర్టిఫికెట్ గనుల భద్రత డైరెక్టరేట్ ఇచ్చేది కాబట్టి దేశంలో ఏ బొగ్గు గనికైనా చెల్లుతుంది. సింగరేణి తీసుకోకపోతే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి. దూరం వెళ్లలేనివారికి మాత్రం మైనింగ్ నేను చెప్పను.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులకు విద్యుత్ కేంద్రాల్లో ఏటా మరమ్మతుల కాలంలో పిలుపులుంటాయి. అవి కాంట్రాక్టు పనులు. చేరేముందు పీఎఫ్, ఈఎస్ఐ కడతారా అని అడగండి. కుదిరిన జీతానికీ చేతికొచ్చే జీతానికీ తేడా అక్కడే బయటపడుతుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఐటీఐ లేదా డిప్లొమా చాలు. లెవల్-1 (పాత గ్రూప్-డి) పోస్టుల్లో 20 శాతం రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి కేటాయిస్తారు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్ చేయడం దండగ అనుకునేవారు ఈ 20 శాతాన్ని లెక్కలోకి తీసుకోరు. కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. కోచ్ ఫ్యాక్టరీ పేరు విని ఓరుగల్లు నలభై ఏళ్లుగా ఎదురుచూసింది కాబట్టి, దాన్ని నమ్ముకుని కోర్సు ఎంచుకోకండి. వెల్డింగ్ వస్తే అది మొదలైనప్పుడు మీకూ చోటుంటుంది, ఆలోపు వేరే చోటా ఉంటుంది.

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌నా, ఇంటర్ ఎంపీసీనా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఇంట్లో ఆరేళ్లు చదివించగలిగితే, లెక్కలు బాగా వస్తే ఇంటర్, బీటెక్ సరే. ఆ నమ్మకం లేకపోతే పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరడమే మేలు. మూడేళ్లకు చేతిలో ఒక అర్హత ఉంటుంది, ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. మధ్యలో ఆగినా నష్టపోని చదువు ఇది. ఇంటర్ తర్వాత ఆగితే చేతిలో ఉండేది ఇంటర్ మెమో ఒక్కటే.

ఆసుపత్రి కొలువులు

ఈ ప్రాంతంలో నేను అందరికన్నా ముందు సూచించేది ఇదే, రాత్రి డ్యూటీకి భయపడనివారికి. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇటీవలి ఏళ్లలో మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ, ములుగు, నర్సంపేటల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతి కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి, ఆసుపత్రికి నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు కావాలి. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. 2020 వేతన సవరణ ప్రకారం ప్రభుత్వ స్టాఫ్ నర్సు మూలవేతనం 36,750 దగ్గర మొదలవుతుంది.

ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి రెండేళ్ల జీతం నిరుత్సాహపరుస్తుంది, దాచడం ఎందుకు. అయితే ఆ అనుభవం వృథా కాదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ వంటి దేశాలకు వెళ్లే నర్సులకు భాష నేర్పించి పంపుతోంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బీ-2 స్థాయి కావాలి. అది ఆషామాషీ చదువు కాదు, దాదాపు ఏడాది గట్టిగా కూర్చోవాలి. ఒకే అర్హత హనుమకొండలోనూ, హైదరాబాద్‌లోనూ, విదేశంలోనూ చెల్లడం ఈ దారికున్న బలం. కాలేజీకి భారత నర్సింగ్ మండలి గుర్తింపు ఉందో లేదో, సొంతంగానో అనుబంధంగానో ఆసుపత్రి ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. మగపిల్లలు చేయకూడని చదువు అన్న మాట ఇంకా వినిపిస్తోంది. దాన్ని పట్టించుకోనవసరం లేదు.

సాఫ్ట్‌వేర్

మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా తమ కేంద్రాలు తెరిచాయి. మంచిదే. కానీ ఏటా ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చేవారితో పోలిస్తే అక్కడి కొలువులు కొన్నే. కాబట్టి సాఫ్ట్‌వేర్ అంటే ఆచరణలో హైదరాబాదే. వరంగల్ నిట్ విద్యార్థుల జీతాలు చూసి మిగతా కాలేజీల సీట్లకు ధర కట్టడం ఈ ఊళ్లో పెద్ద భ్రమ. కంపెనీలు నిట్‌కు వచ్చేది దేశమంతటి నుంచి వచ్చిన ర్యాంకర్ల కోసం. ఏ కాలేజీ అయినా సరే, గత ఏడాది మీ బ్రాంచిలో ఎంతమందికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి ఉద్యోగం వచ్చిందో అడగండి. గరిష్ఠ జీతం చెబితే వినకండి, మధ్యలో ఉన్న విద్యార్థి సంగతి అడగండి. కోడ్ రాయడం ఇష్టమో కాదో తెలుసుకోవడానికి నాలుగేళ్లు అక్కర్లేదు. సెలవుల్లో ఒక నెల కూర్చుంటే తెలిసిపోతుంది.

జౌళి పార్కు

గీసుగొండ, సంగెం మండలాల్లో దాదాపు 1,200 ఎకరాల కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. కైటెక్స్, యంగ్‌వన్, గణేశా సంస్థలు వచ్చాయి. కొలువుల్లో ఎక్కువ భాగం కుట్టు, యంత్రం నడపడం, నాణ్యత చూడడం. రాత్రికి ఇంటికి చేరాల్సిన మహిళలకు, ఎదురుచూసే స్తోమత లేనివారికి ఇది పనికొస్తుంది. షిఫ్టు వేళలు, బస్సు సౌకర్యం, రోజువారీ లక్ష్యం ఎన్ని ముక్కలు అన్నవి ముందే కనుక్కోండి. సూపర్‌వైజర్ దాకా ఎదగాలంటే టెక్స్‌టైల్ డిప్లొమా ఉండాలి. ఒకప్పటి అజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఏమైందో చూసిన ఊరు కాబట్టి, ఒకే కంపెనీకి జీవితం రాసిచ్చే ఆలోచన ఇక్కడివారికి ఎలాగూ ఉండదు.

మిర్చి యార్డు వైపు ఎవరూ చూడరు

ఎనుమాముల మార్కెట్ ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పాఠాల్లో చదువుకున్నాం, అక్కడ కొలువు వెతుక్కోవచ్చని మాత్రం అనుకోలేదు. సీజన్‌లో ఉదయం ఆ రోజు ధర తేల్చే జెండా పాట (వేలం) అయ్యేసరికి కోట్ల రూపాయల సరుకు చేతులు మారుతుంది. అడ్తిదారు (కమీషన్ ఏజెంటు), ఖరీదుదారు, దడ్వాయి (తూకం వేసేవారు), హమాలీ, శీతల గిడ్డంగి, లారీ ఆఫీసు: ఈ గొలుసులో లెక్కలు తెలిసి, కంప్యూటర్ వాడగలిగి, సరుకు నాణ్యత చూసి చెప్పగల చదువుకున్న మనిషికి కొరత ఉంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పొడి చేసి, ప్యాకెట్ కట్టి, పేరుతో అమ్మేవారు రావాలి. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమలకు కేంద్ర పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ ఉంది. రాయితీ చూసి యూనిట్ పెట్టకండి. కొనేవారు దొరికాక రాయితీకి వెళ్లండి.

ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టాలనుకుంటే వ్యవసాయ చదువో, డీలర్ల కోసం ఏడాది పాటు సాగే డేసీ డిప్లొమానో లైసెన్సుకు పనికొస్తుంది. పాలిసెట్ ద్వారా వ్యవసాయ డిప్లొమాలో చేరే వీలుంది. అయితే దుకాణం నడపడం పంట గురించి తెలియడంతో అయిపోదు. రైతు ఉద్దెర తీసుకుని పంట అమ్మాక కడతాడు. కంపెనీకి మీరు అంతకుముందే కట్టాలి. ఆ మధ్య నెలలు మోయగల పెట్టుబడి, గట్టిగా అడిగే నోరు లేనివారు కొన్నాళ్లు ఎవరి దుకాణంలోనైనా పనిచేసి చూడాలి. మాటకారితనం ఉండి, కుర్చీలో కూర్చోలేని పిల్లలను గ్రూప్స్ గదుల్లో బంధించడం కన్నా ఈ వైపు పంపడం మంచిదని నా అభిప్రాయం. పెళ్లి సంబంధాల దగ్గర దీనికి విలువ తక్కువన్నది నిజమే. దానికి నా దగ్గర మందు లేదు.

గల్ఫ్: వెళ్లేవారు ఎలా వెళ్లాలి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇది ఇంకా పెద్ద దారే. వెళ్లవద్దని చెప్పడం తేలిక, అప్పు ఉన్న ఇంటికి ఆ మాట పనికిరాదు. పోల్చాల్సింది ఎలా వెళుతున్నారన్నది. ఎలక్ట్రీషియన్‌గానో ఏసీ మెకానిక్‌గానో సర్టిఫికెట్, రెండేళ్ల అనుభవంతో కంపెనీ వీసా మీద వెళ్లిన మనిషికీ, ఏ కంపెనీతోనూ కొలువు కుదరకుండా ఆజాద్ వీసా మీద వెళ్లి అక్కడ పని వెతుక్కునే మనిషికీ జీతంలోనే కాదు, భద్రతలోనూ చాలా తేడా ఉంటుంది. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్న ఏజెంటును అక్కడే ఆపేయండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. చట్టం ప్రకారం అతను తీసుకోదగ్గ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగితే ఆ అప్పు తీరడానికే రెండేళ్లు పడుతుంది. అదే డబ్బులో కొంత పెట్టి ముందు ఐటీఐ పూర్తిచేసి, రామగుండంలోనో హైదరాబాద్‌లోనో పనిచేసి వెళితే జీతం మాట్లాడుకునే స్థితిలో ఉంటారు.

నిర్ణయానికి ముందు

పైవాటిలో రెండు దారుల దగ్గర మీ మనసు ఆగి ఉంటుంది. ఆ రెండింటిలోనూ మూడేళ్ల క్రితం చేరినవారిని ఒక్కొక్కరిని పట్టుకోండి. పదేళ్ల సీనియర్ చెప్పే మార్కెట్ వేరు, నిన్న చేరినవారికి ఇంకా ఏమీ తెలియదు. గత నెల బ్యాంకులో ఎంత పడిందో, చివరిసారి సెలవు ఎప్పుడు దొరికిందో, తమతో చేరినవారిలో ఎంతమంది మానేశారో, మానేసినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడగండి. కుదిరితే ఒక పూట వారి వెంటే ఉండండి: ఆసుపత్రి అయితే సాయంత్రం, యార్డు అయితే తెల్లవారుజామున, గ్రూప్స్ అయితే రీడింగ్ రూమ్‌లో మధ్యాహ్నం మూడు గంటలకు.